ఎలుక రహిత ప్రాంగణం

సూర్యకళ అప్పటికే సగం పెట్టెల్లో ఊక మార్చేసింది. తోక మొదట్లో రెండు వేళ్ళతో పట్టుకుని ఎలుకను ఎత్తడం, పక్కనున్న శుభ్రమైన పెట్టెలో దించడం, తడిసిన ఊకను గోనెసంచిలోకి గుమ్మరించడం, కొత్త ఊక పోసి అరచేత్తో సర్దడం. పొద్దున్నే ఈ పని కాకపోతే ఆమెకు పళ్ళు తోముకోనట్టే ఉంటుంది. ఎలుకల గది అటెండరు పోలినాయుడు పక్కన కుళాయి కింద నీళ్ళ సీసాలు కడుగుతున్నాడు.

"పెద్దాయన లెగిసేడా అమ్మా?"

"లేచాడు. మూతి కడుక్కుంటున్నాడు."

పెద్దాయన అంటే కిటికీ పక్క పెట్టెలో ఉండే ముసలి ఎలుక. తెల్లటి బొచ్చు పలచబడి, వెన్ను కాస్త వంగి, ఎవరు పెట్టె మూత తీసినా "ఏమిటి విషయం?" అన్నట్టు తలెత్తి చూస్తుంది. పరిశోధనలో వాడే జంతువులకు పేర్లు పెట్టరాదని గోడ మీద బోర్డు ఉంది. ఇది పేరు కాదు, మర్యాద అని పోలినాయుడి వాదన.

విశాఖ శివార్లలో కొండవాలు మీద ఉన్న ఆ జీర్ణకోశ పరిశోధన సంస్థలో సూర్యకళ చదువంతా ఈ ముసలి ఎలుకల్లోనే ఉంది. వయసు మళ్ళేకొద్దీ ఒంట్లో కొన్ని మాంసకృత్తులు మడత తప్పుతాయి. ఎలా పడితే అలా చుట్టి పడేసిన బట్టల్లా అవి అవయవాల్లో పోగుపడతాయి. ఆ పోగుల్నే అమిలాయిడ్ అంటారు. ఎలుక పొట్టలో అవి ముందుగా ఎక్కడ చేరతాయి? జీర్ణాశయంలోనా, చిన్నపేగులోనా, పెద్దపేగులోనా? ఏ వయసుకి చేరతాయి? అదీ ఆమె తేల్చవలసింది. పేగు ముక్కను మైనంలో పోతపోసి, ఉల్లిపొర కన్నా పలచగా కోసి, ఎర్రరంగు అద్ది, సూక్ష్మదర్శిని కింద ప్రత్యేకమైన వెలుతురులో చూస్తే ఆ పోగులు మాత్రం లేత అరిటాకులా పచ్చగా మెరుస్తాయి.

కుర్ర ఎలుకల పని అయిపోయింది. నడివయసువాటి పనీ అయిపోయింది. ఇక మిగిలింది ముసలివి. ముసలివాటితో చిక్కేమిటంటే అవి ముందు ముసలివి కావాలి. దానికి మార్కెట్లో ఏ యంత్రమూ దొరకదు. మేత మారకుండా, బెదరకుండా, జబ్బు పడకుండా చూసుకుంటూ కూచోవాలి. ఈ శ్రావణానికి వాటికి కావలసిన ఈడు వస్తుంది. సూర్యకళ ఫెలోషిప్పు కూడా శ్రావణంతోనే ముగుస్తుంది. ఇవి పోతే మళ్ళీ పుట్టిన పిల్లలతో మొదలుపెట్టాలి. అవి ముసలివయ్యేదాకా ఆమెకు అన్నం పెట్టేవాళ్ళు లేరు.

శ్రావణంలో వాటిని ఏం చేస్తుందో సూర్యకళకు తెలుసు. పోలినాయుడికీ తెలుసు. అందుకే ఇద్దరూ వాటిని బాగా చూసుకునేవారు.

ఇలా ఉండగా కొండ కిందనున్న చేపల పరిశోధన సంస్థవాళ్ళకి 'దోమ రహిత ప్రాంగణం' అని ధ్రువపత్రం వచ్చింది. వాళ్ళు దాన్ని ఇత్తడి పలక మీద చెక్కించి గేటుకి బిగించారు. ఈ సంస్థ డైరెక్టరు డాక్టర్ ఉమాకాంతరావు గారు రోజూ కారులో ఆ గేటు ముందునుంచే రావాలి. ఆ పలకను చూసి చూసి ఆయనకు అన్నం సహించడం మానేసింది. దోమలు ఎలాగూ వాళ్ళు తీసేసుకున్నారు. ఇంకేం మిగిలిందని ధ్రువీకరణ మండలివారిని వాకబు చేస్తే, ఎలుక ఖాళీగా ఉందని తెలిసింది.

మర్నాడే సర్క్యులర్ వచ్చింది. పోలినాయుడు కళ్ళజోడు లేదని సూర్యకళ చేత చదివించుకున్నాడు.

"ఇందుమూలముగా సమస్త సిబ్బందికి తెలియజేయునదేమనగా, మన ప్రాంగణమును ఎలుక రహిత ప్రాంగణముగా తీర్చిదిద్దు మహత్తర సంకల్పమునకు శ్రీకారము చుట్టబడినది. కావున ఇకమీదట ప్రాంగణములో ఏ గదియందైనను ఎలుక కనబడినచో సంబంధిత సిబ్బంది బాధ్యత వహించవలసి యుండును."

పోలినాయుడు చేతిలో సీసా అలాగే ఉండిపోయింది. "ఏటమ్మా ఇది? మన గదిలో ఎలక కనబడితే మనం బాద్దులమా? కనబడకపోతే కదా మనం బాద్దులం!"

ఇది ఎక్కడో పొరపాటని సూర్యకళ పరిపాలనాధికారి భావనారాయణ గారి దగ్గరికి వెళ్ళింది. ఆయన ఫైలు మీద పచ్చసిరాతో సంతకం పెట్టి, ఆ సంతకాన్ని కాసేపు మెచ్చుకోలుగా చూసుకుని, తలెత్తాడు.

"సార్, మనది ఎలుకల మీద పనిచేసే సంస్థ కదండీ..."

"సంస్థ ఎలుకలది కాదమ్మాయ్, ప్రభుత్వానిది. ఎలుకలు అందులో వసతి పొందుతున్నాయి. అంతే."

"మా గదికి మినహాయింపు..."

"సర్క్యులర్‌లో మినహాయింపు లేదు. మినహాయింపు ఉంటే దాన్ని సర్క్యులర్ అనరు. బతిమాలుకుంటూ రాసిన ఉత్తరం అంటారు."

సూర్యకళ అసలే తక్కువ మాట్లాడుతుంది. ఊళ్ళో బడిలో కూడా పంతులుగారు ప్రశ్న అడిగితే, మిగతా పిల్లలందరూ చెప్పేదాకా ఆగి, ఇంకా ఎవరైనా చెబుతారేమోనని మరి కాసేపు ఆగి, అప్పుడు చెయ్యెత్తేది. ఇక్కడా ఆగింది. ఆగితే ఏమవుతుందో ఇక్కడ తెలిసింది. భావనారాయణ గారు టైపిస్టు వైపు తిరిగి చెప్పడం మొదలుపెట్టాడు.

"సంబంధిత పరిశోధకురాలికి విషయము సవివరముగా తెలియజేయగా, ఆమె మౌనము వహించినందున, అంగీకరించినట్లుగా భావించడమైనది. రాశావా? చదువు."

సంస్థ అంతటా బోనులు పెట్టారు. గేటు దగ్గర, క్యాంటీన్లో, మెట్ల కింద, డైరెక్టరు గారి కుర్చీ వెనకాల. గేటు లోపలున్న పాలరాతి వినాయకుడి పాదాల దగ్గర ఆయన వాహనం ఉంది. అది లెక్కలోకి వస్తుందా రాదా అని ఒక పూటంతా చర్చ జరిగింది. దేవుణ్ణి నొప్పించకుండా, మండలివారికి కనబడకుండా ఉండేలా, మోకాళ్ళ దాకా బంతిపూలు పొయ్యాలని తీర్మానించారు. ఆ రోజునుంచి వినాయకుడు పూల ఏట్లోకి దిగి స్నానం చేస్తున్నట్టుండేవాడు.

ఇంత చేసినా బోనుల్లో ఒక్కటీ పడలేదు. ఆ కొండ మీద బయటి ఎలుకలు లేవు. ఉన్నవన్నీ పోలినాయుడి గదిలో మూతలు బిగించిన పెట్టెల్లో ఉన్నాయి. ఈ సంగతి తెలిసి డైరెక్టరు గారు సంతోషించాలి. ఆయన అత్యవసర సమావేశం పెట్టాడు. ఎలుకల మనిషి కాబట్టి సూర్యకళను కూడా పిలిచారు.

"ఒక్కటీ లేదా?" అన్నాడు ఉమాకాంతరావు గారు నీరసంగా.

"లేదు సార్. పరిస్థితి ఆందోళనకరంగా ఉంది," అన్నాడు భావనారాయణ గారు. "మండలివారి నిబంధన స్పష్టంగా ఉంది. ఎలుకలు తొలుత అధికముగా పట్టుబడి, తదుపరి తగ్గుముఖం పట్టి, అంతిమముగా లేకుండా పోవలెను. ఎలుకలే లేకపోతే ఎలుకలు లేకుండా ఎలా చేస్తాం సార్?"

"నిజమే. మొదట్నుంచీ లేకపోతే అందులో మన కృషి ఏముంది?"

అందరూ సంస్థ దురదృష్టాన్ని తలుచుకుని కాసేపు బాధపడ్డారు. తరవాత భావనారాయణ గారి చూపు మెల్లగా సూర్యకళ మీదికి వచ్చి వాలింది.

"సార్, మన దగ్గర ఎలుకలు లేవనడం సాంకేతికంగా సరికాదు. ఒక విభాగంలో మిగులు ఉంది, మరో విభాగంలో కొరత ఉంది. ఇటువంటి సందర్భాల్లో మనం ఏం చేస్తాం? డెప్యుటేషన్ వేస్తాం."

డైరెక్టరు గారి మొహం విప్పారింది. "అంటే ఆ గదిలో ఎలుకల్ని..."

"తాత్కాలిక ప్రాతిపదికన పరిపాలనా భవనానికి పంపిస్తాం. అవి ఇక్కడ స్వేచ్ఛగా సంచరిస్తాయి. మనం పట్టుకుంటాం. వచ్చేనెల వాటిలో సగాన్నే వదులుతాం. ఆపైనెల అసలు వదలం. క్రమంగా తగ్గుముఖం!"

సూర్యకళ లేచి నిలబడింది. "సార్, పంపిస్తే నా పనికి అక్కర్లేక మిగిలిన కుర్రవాటిని పంపిద్దామండీ. నా ముసలివి మాత్రం..."

భావనారాయణ గారు కుర్చీలో నిటారుగా కూచున్నాడు. ఇరవయ్యేళ్ళ సర్వీసులో ఆయన ప్రాణంగా కాపాడుకుంటూ వచ్చిన విషయం ఒకటుంది. "డెప్యుటేషన్ సీనియారిటీ ప్రకారం జరుగుతుందమ్మాయ్. అన్నిటికన్నా ముందు వచ్చినవి ఏవి?"

"ముసలివేనండి. కానీ అవి..."

"సీనియర్లను కాదని జూనియర్లను పంపితే రేపు నన్ను ఎవరడిగినా నా దగ్గర సమాధానం ఉండదు."

ఎవరడుగుతారు, ఎలుకలా? అని సూర్యకళ అనుకుంది. పైకి అనలేదు. వెనకనుంచి టైపు చప్పుడు వినిపించింది. ఆమె అంగీకరించినట్లుగా భావిస్తున్నారు.

మర్నాడు పోలినాయుడు ముసలి ఎలుకల పెట్టెల్ని బండి మీద పెట్టుకుని పరిపాలనా భవనం హాల్లోకి తీసుకొచ్చాడు. సిబ్బందంతా కుర్చీల మీదికెక్కి నిలబడ్డారు. డైరెక్టరు గారు గుమ్మంలో రిబ్బను కత్తిరించి, "సంచరించనివ్వండి," అన్నాడు.

పోలినాయుడు మూతలు తీసి పెట్టెల్ని పక్కకి వంచాడు. ఎలుకలు నేల మీదికి జారి, జారినచోటే కూచున్నాయి. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ అవి గోడలు లేని నేలను చూడలేదు. ఇంత చోటుతో ఏం చెయ్యాలో వాటికి తెలియలేదు. ఒకటి రెండు మీసాలు కదిపాయి. మిగతావి ఒకదాన్నొకటి ఆనుకుని కునుకు తీశాయి.

"సంచరించవేం?" అన్నాడు డైరెక్టరు గారు.

"కొత్త పోస్టింగు సార్. ఛార్జి తీసుకోవడానికి సమయం పడుతుంది," అన్నాడు భావనారాయణ గారు కుర్చీ మీదనుంచే.

మధ్యాహ్నానికి సిబ్బంది కిందికి దిగారు. సాయంత్రానికి ఎలుకల్ని దాటుకుంటూ ఫైళ్ళు మోశారు. చేత్తో పట్టుకుంటే లెక్కలోకి రాదు, బోనులోనే పడాలని నిబంధన. బోనుల్లో క్యాంటీనువాడి ఉల్లిపకోడీలు పెట్టారు. పుట్టినప్పటినుంచీ ఒకే మేత తిన్న పేగులవి. ఇప్పుడు నూనె సరుకు తగిలిందంటే, రేపు సూక్ష్మదర్శిని కింద కనబడేది వయసు చేసిన పనో, పకోడీ చేసిన పనో చెప్పడం కష్టం. సూర్యకళ బోను నుంచి బోనుకి పరిగెత్తి పకోడీలు తీసేసి తమ గది గుళికల మేత పెట్టింది. ఆ వాసన తగలగానే ఎలుకలన్నీ ఇంటికొచ్చినట్టు వరసగా బోనుల్లోకి నడిచి కూచున్నాయి. సిబ్బంది చప్పట్లు కొట్టారు.

ఒక్క పెద్దాయన మాత్రం కనబడలేదు.

భావనారాయణ గారి బల్ల కింద దొరికాడు. రెండు ముందు కాళ్ళతో పకోడీ ముక్క పట్టుకుని, కళ్ళు సగం మూసుకుని, ఇన్నాళ్ళూ ఈ సంగతి తనకెవరూ ఎందుకు చెప్పలేదన్నట్టు నములుతున్నాడు.

"ఎవరు పెట్టారండీ?" అంది సూర్యకళ.

భావనారాయణ గారు మూతి తుడుచుకున్నాడు. "నా ముక్కే. అలా చూస్తూ కూచుంది. ఎదురుగా ఒక సీనియర్ ఆకలితో ఉండగా ఎలా తింటానమ్మాయ్?"

పెద్దాయన పరిశోధనకు పనికిరాకుండా పోయాడు. ఆ సాయంత్రం సూర్యకళ ఆయన పెట్టెను విడిగా పెడుతుంటే పోలినాయుడు చాలాసేపు ఆలోచించాడు.

"అంటే అమ్మా, శ్రావనంలో ఈయన్ని కొయ్యరా?"

"కొయ్యను. పనికిరాడు."

"పకోడీ తిని బతికిపోయేడు," అన్నాడు పోలినాయుడు. ఎలుకకో దేవుడికో తెలియకుండా దండం పెట్టుకున్నాడు.

రెండో నెల సగం ఎలుకలు డెప్యుటేషన్ మీద వెళ్ళి, గౌరవంగా పట్టుబడి తిరిగొచ్చాయి. మూడో నెల లెక్క ప్రకారం సంస్థలో ఎలుకలు లేవు. మండలి తనిఖీ అధికారిణి మందాకిని గారు వస్తున్నట్టు కబురు వచ్చింది. ఆవిడ మహా ఖచ్చితమైన మనిషనీ, చేపల సంస్థలో తలుపుల వెనక కూడా చూసిందనీ చెప్పుకున్నారు. ఇంక ఎలుకల గది ఖాళీ చెయ్యక తప్పలేదు. ఉద్యోగులందరూ హోదాను బట్టి పెట్టెలు ఇళ్ళకు తీసుకుపోవాలని ఉత్తర్వులు వెలువడ్డాయి. డ్రైవర్లకీ గుమాస్తాలకీ కుర్ర ఎలుకలు, అకౌంటెంటుకి నడివయసువి. అత్యంత సీనియర్ ఎలుకలు సహజంగానే కింద పట్నంలో ఉన్న డైరెక్టరు గారింటికి వెళ్ళాయి.

సూర్యకళ రోజూ పొద్దున్నే బస్సెక్కి, మేత సంచీ, ఊక సంచీ పట్టుకుని డైరెక్టరు గారింటికి వెళ్ళేది. ఉమాకాంతరావు గారి భార్య ఇందుమతి గారు ఎలుకల పెట్టెల్ని వంటింటి పక్క సామాను గదిలో పెట్టించి, మొదటిరోజు ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది. రెండోరోజు కొంగు తీసేసింది. మూడోరోజు నెయ్యన్నం కలిపి తీసుకొచ్చింది.

"అమ్మగారూ, వద్దండి! మేత మారిస్తే నా పని పాడవుతుంది."

"ముసలాళ్ళకి ఆ గులకరాళ్ళు అరుగుతాయే పిల్లా?"

"వాటికి అలవాటండి. పోనీ, ఈయనకి పెట్టుకోండి. ఈయన ఎలాగూ పకోడీ తినేశాడు."

అప్పటినుంచి పెద్దాయన నివాసం ఇందుమతి గారి ఒడికి మారింది. ఆవిడ ఒడిలో పెద్దాయన, చేతిలో చిక్కుడుకాయలు, ఎదురుగా టీవీ. "మా ఆయన కన్నా నయం. పెట్టింది తింటాడు, మీటింగుకి వెళ్ళాలనడు," అనేది.

కానీ శ్రావణం దాకా వాటిని అక్కడే ఉంచనిస్తారన్న నమ్మకం లేక సూర్యకళకు నిద్ర పట్టడం లేదు. పట్నంలో వైద్య కళాశాలవారి ఎలుకల గది ఒకటుంది. వెళ్ళి అక్కడి ప్రొఫెసరు గారిని అడిగింది. ఆయన ఆమె తెచ్చిన గాజుపలకలు వెలుతురులో పెట్టి చూసి, సూక్ష్మదర్శిని మీదనుంచి తల ఎత్తకుండానే అన్నాడు.

"అర ఖాళీగానే ఉందమ్మా. శ్రావణం దాకా ఉంచుకో. మీ వాళ్ళ అనుమతి మాత్రం కావాలి. ఇచ్చామని చెప్పినా సరే, అక్కర్లేదని చెప్పినా సరే. తరవాత నా మీద పడకూడదు."

సూర్యకళ ఎగురుకుంటూ భావనారాయణ గారి దగ్గరికి వెళ్ళింది.

"ఎలుకల్ని వైద్య కళాశాలకి తరలించడానికి అనుమతి కావాలండి."

"ఏ ఎలుకలు?"

"మన ముసలి ఎలుకలండి."

ఆయన తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "సంస్థలో ఎలుకలు లేవమ్మాయ్. పోయిన సోమవారం నుంచి లేవు. నేనే సంతకం పెట్టాను."

"డైరెక్టరు గారింట్లో ఉన్నవండి."

"డైరెక్టరు గారింట్లో ఎలుకలున్నాయని నువ్వంటున్నావా?" ఆయన చెవులు మూసుకున్నంత పని చేశాడు. "లేనివాటిని తరలించడానికి అనుమతి ఎందుకు? అక్కర్లేదు. వెళ్ళు, వెళ్ళు."

తనిఖీ హడావుడి అయ్యాక వాటిని కళాశాలకి తీసుకెళదామనుకుంది సూర్యకళ. తనిఖీ రోజు ఉదయం వరండాలో కలిసినప్పుడు ఆయనే మిగతాది కూడా చెప్పాడు. ధ్రువపత్రం వచ్చాక ఎలుకలు మళ్ళీ ప్రాంగణంలోకి రావడానికి వీల్లేదు. వస్తే పలక వెనక్కి ఇచ్చెయ్యాలి. కనుక భోజనాలయ్యాక పోలినాయుడు ఆటో తీసుకొచ్చి, డైరెక్టరు గారింట్లోవి ముందుగా కొండ వెనక తుప్పల్లో వదిలేస్తాడు. మిగతావాటి సంగతి దశలవారీగా చూస్తారు.

"ముందు అవేనా?" అంది సూర్యకళ.

"సీనియర్లు కదమ్మాయ్."

ఆమె ఇంకేమీ అనలేదు. ఆయన అలవాటు కొద్దీ టైపిస్టు కోసం చుట్టూ చూశాడు.

తనిఖీ బ్రహ్మాండంగా జరిగింది. మందాకిని గారు తలుపుల వెనక చూసింది. బీరువాల కింద చూసింది. పూలలో మునిగిన వినాయకుడికి దండం పెట్టుకుని, ఇంత భక్తి ఏ ఆఫీసులోనూ చూడలేదంది. ఎలుకల గదికి 'ధ్యానమందిరం' అని బోర్డు పెట్టారు. లోపల ఖాళీ అరల మధ్య పోలినాయుడు కళ్ళు మూసుకుని పద్మాసనం వేసుకుని ఉన్నాడు. ఆ కాళ్ళు విడదియ్యడానికి తరవాత ఇద్దరు మనుషులు కావలసి వచ్చారు.

"మీ సంస్థ ఏం చేస్తుంది?" అని అడిగింది మందాకిని గారు.

"పరిశోధనండి. జీర్ణకోశం మీద," అన్నాడు డైరెక్టరు గారు.

"ఎవరి జీర్ణకోశం?"

"జీర్ణకోశం... సాధారణంగా అండి."

సూక్ష్మదర్శిని గదిలో సూర్యకళ పెట్టి ఉంచిన గాజుపలకను ఆవిడ ఒంటికన్నుతో చాలాసేపు చూసింది. ఎర్రటి పేగు గోడలో అక్కడక్కడా పచ్చటి మెరుపులు.

"ఎంత అందంగా ఉంది! ఎవరి పేగు ఇది?"

డైరెక్టరు గారు భావనారాయణ గారి వైపు చూశాడు.

"అజ్ఞాత దాతది," అన్నాడు భావనారాయణ గారు తల వంచి.

సంస్థకు నూటికి నూరు మార్కులు వచ్చాయి. భోజనం డైరెక్టరు గారింట్లో. సూర్యకళ అంతకు ముందే అక్కడికి చేరుకుని సామాను గదిలో ఉంది. మిగిలిన ముసలి ఎలుకలన్నిటినీ ఒక పెద్ద పెట్టెలోకి మార్చి, మూత బిగించి, గాలి ఆడేలా పలచటి తువ్వాలు కప్పింది. పెరటి గుమ్మం దగ్గర పోలినాయుడు, కాళ్ళు ఇంకా సాగదీసుకుంటూ, మెల్లగా అన్నాడు.

"ఆటో ఈది గుమ్మంలో ఎట్టించేనమ్మా. ఇటేపు దారి లేదు, మోరీ తవ్వేసేరు. కొండకి ఎల్లమన్నారు."

"వైద్య కళాశాలకి వెళ్ళదా?"

పోలినాయుడు ఆమె మొహంలోకి చూశాడు. "ఆటోకేటమ్మా, ఎటు తిప్పితే అటెల్తాది."

వీధి గుమ్మంలోకి పోవాలంటే భోజనాల గదిలోంచే పోవాలి. సూర్యకళ తలుపు సందులోంచి చూసింది. అరిటాకుల ముందు మందాకిని గారు, ఒక పక్క డైరెక్టరు గారు, ఇంకో పక్క భావనారాయణ గారు. ఇందుమతి గారు ఒంటిచేత్తో గుత్తివంకాయ వడ్డిస్తోంది. రెండో చెయ్యి కొంగు కింద దేన్నో పొదివి పట్టుకుని ఉంది.

"అమ్మా," అని పిలిచింది సూర్యకళ.

ఇందుమతి గారు వచ్చింది. పెట్టె చూసింది. తువ్వాలు చూసింది. "అన్నిటినీ తీసుకుపోతున్నావా?"

"పెద్దాయన్ని మీరుంచుకోండి."

ఆవిడ కొంగు ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. "కొండకేనా?"

సూర్యకళ తల అడ్డంగా ఊపింది. ఇందుమతి గారు ఒక్క క్షణం ఆలోచించి, పక్కకి తప్పుకుని, తలుపు బార్లా తెరిచింది.

సూర్యకళ పెట్టెను గుండెలకు ఆనించుకుని భోజనాల గదిలోకి వచ్చింది. పెట్టెలోంచి ఊక గలగలమంది. డైరెక్టరు గారి చేతిలో ముద్ద నోటికీ ఆకుకీ మధ్య ఆగిపోయింది.

"ఎవరా అమ్మాయి?" అంది మందాకిని గారు. "ఏం తీసుకెళుతోంది?"

డైరెక్టరు గారు భావనారాయణ గారిని చూశాడు. భావనారాయణ గారు పప్పును చూశాడు.

"ఏమీ లేదండి," అన్నాడు డైరెక్టరు గారు.

"అందులో ఏదో కదులుతోంది."

"అబ్బే, ఏమీ లేదండి. ఉండడానికి వీల్లేదు," అన్నాడు భావనారాయణ గారు. ఆయన నుదుటి మీద చెమట చుక్క పప్పులోకి జారింది.

సూర్యకళ గుమ్మం దగ్గర ఆగింది. వెనక్కి తిరిగి, బడిలో ఆగినట్టే, ఎవరైనా ఏమైనా చెబుతారేమోనని చూసింది. డైరెక్టరు గారు నోరు తెరిచి మూశాడు. భావనారాయణ గారు నోరు తెరవనే లేదు. ఇంకా ఎవరైనా ఉన్నారేమోనని ఆమె మరి కాసేపు ఆగింది. ఎవరూ ఏమీ అనలేదు. ఇందుమతి గారి కొంగు కింద మాత్రం ఏదో చిన్నగా కిచకిచమంది. ఆవిడ గట్టిగా దగ్గింది.

అందరూ అంగీకరించినట్లుగా భావించి, సూర్యకళ చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని, పెట్టెను జాగ్రత్తగా పట్టుకుని, ఒక్క మాటైనా మాట్లాడకుండా ఇంట్లోంచి వెళ్ళిపోయింది.